అంబాసిడర్ ముందు అద్దం మార్చిన తీరు

మా నాన్నగారి అంబాసిడర్ ముందు అద్దం గీతలు పడి, రాత్రిపూట ఎదుటి వాహనాల వెలుగుకు దారి కనిపించకపోవడంతో దానిని మార్చాను. ఈ కారు తయారీ 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఆగిపోయినా, అద్దమూ రబ్బరు బీడింగూ పాత విడిభాగాల దుకాణంలో దొరికాయి. లామినేటెడ్ అద్దమే తీసుకున్నాను. రాయి తగిలి పగిలినా ముక్కలు నడుమనున్న ప్లాస్టిక్ పొరకు అంటుకొనే ఉంటాయి.

ఇందులో అద్దాన్ని రబ్బరే పట్టి ఉంచుతుంది. పాత రబ్బరును కోసి తీయగానే, కింది మూలల్లో తుప్పు పట్టిన రేకు గోటితో గీకితేనే పొరలు పొరలుగా రాలింది. అసలు పని ఇక్కడే ఉంది. తుప్పును పూర్తిగా గీకి, ప్రైమరు, రంగు వేసి ఆరనివ్వాలి. అలా చేయకుండా కొత్త అద్దం బిగిస్తే, వాన నీరు మళ్లీ అదే దారిన లోపలికి దిగుతుంది.

తరువాత కొత్త రబ్బరును అద్దానికి తొడిగి, దాని గాడిలో నైలాను తాడును చుట్టూ పరచి, కొసలను కారు లోపలికి వదిలాను. సబ్బునీళ్లు రాసి, తమ్ముడు బయటి నుంచి అరచేతులతో నొక్కుతుండగా నేను లోపల కూర్చుని తాడును మెల్లగా లాగుతూ పోతే, రబ్బరు అంచు రేకును దాటి లోపలికి ఒదిగింది. మూలల దగ్గర తొందరపడితే అద్దం చిట్లుతుంది. చివరకు రబ్బరు కింద సీలెంటు నింపి, అది ఆరాక పైపుతో నీళ్లు కొట్టి చూస్తే చుక్క కూడా కారలేదు.