టిల్ట్ సిలిండర్ మూత బిగుసుకుపోతే: సమస్య - పరిష్కారం

కళింగపట్నం, భావనపాడు వైపు తెప్పలకు బిగించే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్లను చేత్తోనే పైకి లేపుతాం. వాటికి ఈ బాధ లేదు. బటన్ నొక్కితే లేచే పవర్ టిల్ట్ ఇంజన్లు ఉన్నవాళ్ల కోసం ఇది. ఆ ఇంజనును ఆయిల్ ఒత్తిడితో లేపేదే టిల్ట్ సిలిండర్. దాని రాడ్డు బయటికి వచ్చే చివర మరలతో బిగించి ఉండే మూత గురించే ఈ మాటలు.

సమస్య

రాత్రి పైకి లేపి పెట్టిన ఇంజను తెల్లారేసరికి దిగిపోయి ఉంటుంది. లేదా పంపు మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ ఇంజను లేవదు. వెంటనే మూత విప్పేయకండి. ముందు రాడ్డు తుడిచి చూడండి. పొడిగా ఉంటే ఆయిల్ మట్టం, మాన్యువల్ రిలీజ్ స్క్రూ (ఇంజనును చేత్తో కదపడానికి ఆయిల్ ఒత్తిడి వదిలే స్క్రూ) చూడాలి. ఆ స్క్రూ కాస్త వదులైనా, దాని ఓ-రింగ్ (రబ్బరు రింగు) తెగినా ఇంజను దిగిపోతుంది. రాడ్డు చుట్టూ ఆయిల్ ఊరుతుంటేనే మూతలో సీలు పోయినట్టు. అప్పుడు మూత తీయక తప్పదు. అది చాలాసార్లు కదలదు.

కారణం

ఉప్పునీరు మూత మరల్లోకి దిగుతుంది. అల్యూమినియం, స్టీలు తగిలేచోట ఆ నీరు చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. మూత అంచున కనిపించే తెల్ల పొడి అదే. ఆ పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి మరలు పట్టేస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో, మంచినీళ్లతో కడగకుండా ఒడ్డున వదిలేసిన ఇంజన్లకు ఇది మరీ ఎక్కువ.

పరిష్కారం

ఇంజనును పూర్తిగా పైకి లేపి, దిగకుండా పట్టే లాకుతో పాటు గొలుసో గట్టి దుంగో ఆసరా పెట్టండి. లాకు ఒక్కదాన్నే నమ్మొద్దు. బ్యాటరీ వైర్లు తీసేయండి. ఆసరా కుదిరాకే రిలీజ్ స్క్రూ వదులు చేయండి, ఆయిల్ పోసే మూతను మెల్లగా తిప్పండి. రాడ్డు పూర్తిగా బయటికి వచ్చి ఉండాలి. వీలైతే యూనిట్ విప్పి బెంచ్ వైస్‌లో పెట్టుకోండి, పని సగం తేలికవుతుంది.

తెల్ల పొడిని వైరు బ్రష్‌తో గీకి, మూత మీద స్పానర్ పిన్నులు దిగే గుంటలను పూర్తి లోతు దాకా శుభ్రం చేయండి. పిన్ను సగమే దిగితే గుంట చెడిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదలండి, మర్నాడు మళ్లీ పోయండి. నా అనుభవంలో ఈ రెండు రోజుల ఓపిక చేసినంత పని ఏ పానా చేయదు.

తర్వాత ఆయిల్ తుడిచేసి, సిలిండర్ అంచు మీద మరిగే నీళ్లు పోయండి లేదా హీట్ గన్ పెట్టండి. గ్యాస్ మంట వద్దు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పైగా లోపల ఆయిల్ ఉంటుంది.

మూత గుంటలకు సరిపోయే పిన్ స్పానర్ కావాలి. దొరక్కపోతే మందపాటి ఇనుప పట్టీకి గట్టి పిన్నులు పెట్టి లేత్ షాపులో చేయించుకోండి. స్పానర్‌ను మూతకు గట్టిగా అదిమి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతూ, పిడి మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి. ఒక్క పెద్ద దెబ్బ కన్నా ఇవే పొడిని విడగొడతాయి. కదలకపోతే కాస్త బిగించే వైపు తిప్పి, మళ్లీ వదులు వైపు రండి.

రాడ్డుకు పైపు రెంచ్ తగిలించొద్దు. మొదట్లో నేను ఆ తప్పు చేశాను. రాడ్డు మీద పడ్డ గీతలు కొత్త సీలును కొద్ది రోజుల్లోనే కోసేశాయి.

గుంటలు అరిగిపోతే, మూత మందంలో సగం లోతుకే కొత్తవి వేయించండి. మూత పాడైనా కొత్తది దొరుకుతుంది, సిలిండర్ మరలు పోతే యూనిట్ మొత్తం పోయినట్టే. కాబట్టి ఎప్పుడూ మూతనే బలి ఇవ్వండి.

బిగించేటప్పుడు సీలు, ఓ-రింగులు కొత్తవే వేయండి. మరలకు మెరైన్ గ్రీజు పూయండి. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రిలీజ్ స్క్రూ బిగించి, నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే గాలి పోతుంది. ఆయిల్ తగ్గితే ఇంజను పైకి ఉన్నప్పుడే పోయండి. చివరగా లాకు వేయకుండా పైకి లేపి, రాడ్డు మీద సుద్దతో గీత పెట్టి, కింద ఎవరూ తిరగకుండా చూసుకుని రాత్రంతా వదలండి. పొద్దున గీత జరగకపోతే బోటు నీళ్లలోకి దించొచ్చు.