కోడింగ్ రాస్తుంటే కారు ఒప్పుకోవట్లేదా? ముందు ఆ నంబరు చూడండి

స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లలో వీసీడీఎస్‌తో (కారును ల్యాప్‌టాప్‌కి కలిపి దాని సెట్టింగులు చదివే, మార్చే సాఫ్ట్‌వేర్; ఇలా మార్చడాన్నే కోడింగ్ అంటారు) ఫీచర్లు ఆన్ చేసుకునేవాళ్లు చాలామంది చెప్పేది ఒకటే: "అన్నీ సరిగ్గానే కొట్టాను, సేవ్ అవ్వట్లేదు." ఎర్రర్ రాగానే విండో మూసేసి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. దయచేసి ఆగండి. ఆ ఎర్రర్ పక్కనున్న నంబరే అసలు కారణం చెబుతుంది.

22 వస్తే

రాయడానికి పరిస్థితులు అనుకూలంగా లేవని అర్థం. ఇగ్నిషన్ ఆన్‌లో, ఇంజిన్ ఆఫ్‌లో ఉందా చూసుకోండి. ఆ తర్వాత అనుమానించాల్సింది బ్యాటరీనే. ఓసారి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తలుపు తీసిపెట్టి, హెడ్‌లైట్లు వెలుగుతుండగానే గంటసేపు ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టాను. రీడింగులన్నీ వస్తున్నాయి, రాయబోతే మాత్రం 22. మల్టీమీటర్ పెడితే 11.7 వోల్టులు! నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి. ఛార్జర్ తగిలించి, 13 దాటాక రాస్తే ఒక్కసారికే తీసుకుంది. అప్పటినుంచి ఛార్జర్ లేకుండా కోడింగ్ జోలికి వెళ్లను. కొత్త మోడళ్లలో కొన్నిటికి గేట్‌వే మాడ్యూల్‌లో (మాడ్యూళ్లంటే కారులోని చిన్న కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపేది గేట్‌వే) రాయాలంటే బానెట్ కూడా తెరిచి ఉంచాలి.

33 వస్తే

తాళం తీయకుండా లోపలికి వెళ్లబోయారు. ముందు సెక్యూరిటీ యాక్సెస్‌లో కోడ్ కొట్టాలి. ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (ఫోక్స్‌వాగన్ గ్రూపు చాలా మోడళ్లకు వాడే ఉమ్మడి నిర్మాణం) కార్లలో, లైట్లు, వైపర్ల వంటివి చూసే 09 మాడ్యూల్‌కి మామూలుగా పనిచేసేది 31347. గోల్ఫ్ 8 తరం కార్ల సంగతి వేరు. వాటిలో ఎస్‌ఎఫ్‌డీ అనే రక్షణ, అంటే కంపెనీ వేసిన అదనపు తాళం ఉంటుంది. ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే 90 నిమిషాలు తెరుచుకుంటుంది. ఏం మార్చాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

31 వస్తే

మీరిచ్చిన విలువ ఆ మాడ్యూల్‌కి తెలియదు. ఇంకొకరి కారు లాంగ్ కోడింగ్‌ని (ఒక మాడ్యూల్ సెట్టింగులన్నీ కలిసిన పొడవాటి సంకేతం) ఉన్నదున్నట్టు తెచ్చి అతికించినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. పేరు ఒకటే అయినా వేరియంట్ మారితే మాడ్యూల్ మారుతుంది. మీ పాత కోడింగ్‌నే ఉంచి, కావాల్సిన ఒక్క బిట్ (అందులోని ఒక ఆన్/ఆఫ్ స్విచ్ లాంటిది) మార్చండి.

సేవ్ అయింది, ఫీచర్ రాలేదు

వాన పడితే అద్దాలు వాటంతటవే మూసుకోవాలని కోడ్ చేశారనుకుందాం. రెయిన్ సెన్సరే లేని కారులో అది ఎలా పనిచేస్తుంది? విడిభాగం ఉంటే మాత్రం స్క్రీన్‌లోని సెట్టింగ్స్ మెనూ కూడా వెతకండి. కొన్నిటికి అక్కడ టిక్ పెట్టాలి.

కోడింగ్ తర్వాత వార్నింగ్ లైట్లు

కంగారు పడొద్దు. ఫాల్ట్ కోడ్‌లు చదివి సేవ్ చేసుకుని, ఆ తర్వాతే చెరిపేయండి. మళ్లీ వచ్చాయంటే పాత కోడింగ్ వెనక్కి పెట్టాలి. అది మీ దగ్గర ఉండాలంటే మొదలుపెట్టే ముందే వీసీడీఎస్‌లో ఆటో స్కాన్ (మాడ్యూళ్లన్నిటినీ ఒకేసారి చదవడం) చేసి ఫైలు దాచుకోవాలి. ఆ ఫైలు లేకపోతే, ఏ బైట్‌లో ఏముండేదో గుర్తుచేసుకుంటూ రాయొద్దు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల మాడ్యూల్ అయితే అసలు వద్దు. కారును అలాగే తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.