ఎవరికి ఏ పుస్తకం? రకరకాల పుస్తకాలను పరిచయం చేయడం ఎలా

మా బావకు ఎరువుల దుకాణం ఉంది. పేపర్లో ధరల పేజీ తప్ప మరేమీ చదవని మనిషి. ఓ వేసవిలో కాలు విరిగి మంచాన పడ్డాడు. పొద్దు పోక, "ఏదైనా మంచి నవల ఉంటే పట్రా బామ్మర్దీ" అని అడిగాడు. నాకు ఆ రోజుల్లో బుచ్చిబాబు పిచ్చి. 'చివరకు మిగిలేది' తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. కట్టు విప్పిన వారానికి పుస్తకం తిరిగొచ్చింది, నలభయ్యో పేజీ దగ్గర మందుల చీటీతో సహా. "బాగానే ఉంది గానీ, ఆ దయానిధి ఎప్పుడు చూసినా ఆలోచిస్తూనే ఉంటాడేంటి?" అన్నాడు.

తప్పు బావది కాదు, బుచ్చిబాబుది అంతకన్నా కాదు. బావ అడిగింది తనకు పనికొచ్చే పుస్తకం. నేనిచ్చింది నాకు నచ్చిన పుస్తకం. పుస్తకాల గురించి రాసేటప్పుడూ ఎవరికైనా చెప్పేటప్పుడూ మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. నేను అందులోంచి బయటపడటానికి చాలా ఏళ్ళే పట్టింది. ఆ క్రమంలో అలవాటైన పద్ధతి ఇది.

1. చదువుతున్నప్పుడే గుర్తులు పెట్టుకోండి

పుస్తకం మూసేశాక రాద్దామనుకుంటే కథ ఒక్కటే గుర్తుంటుంది. నేను చివరి అట్ట లోపల పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసుకుంటాను. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఏ వాక్యం దగ్గర ఆగి మళ్ళీ చదివాను, అంతే. లైబ్రరీ పుస్తకమైతే ఓ చీటీ చాలు. విసుగొచ్చిన పేజీ తప్పకుండా రాసుకోండి. "మొదటి యాభై పేజీలు నెమ్మదిగా సాగుతాయి, ఓపిక పట్టండి" అని మీరు ముందే చెప్పగలిగితే, ఎంతోమంది ఆ యాభయ్యో పేజీ దాటుతారు.

మీరు చదివింది ఏ ముద్రణో కూడా చూసుకోండి. 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి, బాగా పెంచి తిరగరాశాక 1909లో మరోసారి అచ్చయింది. ఆ రెండూ దాదాపు వేర్వేరు నాటకాలు. మీరు ఒకదాని గురించి మాట్లాడుతుంటే వినేవాళ్ళు రెండోదాన్ని పట్టుకుని కూర్చోవచ్చు.

2. ఒక్కో రకానికి ఒక్కో తూకం

బంగారాన్నీ బస్తా బియ్యాన్నీ ఒకే కాటాలో వేయం కదా. పుస్తకాలకొచ్చేసరికి మాత్రం అన్నింటినీ నవల కొలతతోనే కొలుస్తాం. "కథేంటి?" అని అడుగుతాం.

నవలకు ఆ ప్రశ్న కొంతవరకు పనికొస్తుంది. అయినా, చదివిన వారానికి కథ కాకుండా ఏ మనిషి గుర్తున్నారో చూసుకోండి. ఎవరూ గుర్తులేకపోతే ఆ మాటే రాయండి.

కథల సంపుటికి ఆ ప్రశ్న అస్సలు పనికిరాదు. ఇరవై కథలకు ఇరవై వాక్యాల సారాంశం రాస్తే అది విషయసూచిక అవుతుంది. రెండు మూడు కథలు ఎంచుకుని వాటి గురించే మాట్లాడండి. ఏ కథతో మొదలుపెట్టాలో చెప్పండి, మొదటి కథే కానక్కర్లేదు. ఎలా చదవాలో కూడా చెప్పొచ్చు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' నూరు కథలు. వారపత్రికలో విడివిడిగా వచ్చినవి. ఒక్కో కథ రెండు మూడు పేజీలు, పక్కన బాపు బొమ్మ. వాటిని ఏకబిగిన చదివితే పదిహేనో కథకల్లా మొహం మొత్తుతుంది. రాత్రి పడుకునే ముందు ఒకటి చొప్పున చదివితే మూడు నెలలు హాయిగా గడుస్తాయి. నేను ఎవరికిచ్చినా ఈ ముక్క చెప్పే ఇస్తాను.

కవిత్వం గురించి రాయడం కష్టం. పైకి చదివి చూడండి. నోటికి నిలిచిన రెండు పాదాలు ఎత్తి చూపించండి, ఆ తర్వాత మీ మాటలు తగ్గించండి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కి చలం రాసిన ముందుమాట, 'యోగ్యతాపత్రం', ఒకసారి చూడండి. తూచే రాళ్ళు తన దగ్గర లేవన్న మనిషే, కృష్ణశాస్త్రి బాధనూ శ్రీశ్రీ బాధనూ పక్కపక్కన పెట్టి ఒక్క పోలికతో ఇద్దరినీ పట్టిచ్చాడు. కృష్ణశాస్త్రి బాధ లోకానికంతా బాధ అయింది, లోకం బాధంతా శ్రీశ్రీ బాధ అయింది. పోలిక అంటే అలా ఉండాలి. "ఈయన మరో శ్రీశ్రీ" అనడం పోలిక కాదు, దండ వేయడం.

ఆత్మకథల్లో చెప్పినదానితో పాటు దాటేసినదాన్ని కూడా గమనించాలి. అందరి మీదా ఫిర్యాదులుండి తన తప్పు ఒక్కటీ లేకపోతే అనుమానించండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' లాంటివాటిలో జీవితం ఒక ఎత్తు, ఆ తెలుగు ఒక ఎత్తు. వాక్యం కోసమే చదవదగ్గ పుస్తకమైతే ఆ సంగతి ముందే చెప్పేయాలి.

సైన్స్, చరిత్ర పుస్తకాలకు మొదట చూడాల్సింది ఎప్పుడు రాశారన్నది. నండూరి రామమోహనరావు 'విశ్వరూపం' చదివి ఆకాశం వైపు చూడటం నేర్చుకున్న తెలుగువాళ్ళు ఒక తరం ఉన్నారు. నేనూ అందులో ఉన్నాను. అది రాసేనాటికి ప్లూటో గ్రహమే. 2006లో ఆ హోదా పోయింది. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు వేలల్లో బయటపడింది కూడా ఆ పుస్తకం తర్వాతే. అలాగని దాన్ని పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. "లెక్కల కోసం కొత్త పుస్తకం చూడండి, సైన్స్‌ని తెలుగులో ఇంత ఇష్టంగా చెప్పొచ్చా అని తెలుసుకోవడానికి ఇది చదవండి" అంటే సరిపోతుంది.

అనువాదమైతే అనువాదకుడి పేరు లేకుండా పరిచయం రాయకండి. 'ఏడుతరాలు' అనగానే అలెక్స్ హేలీ పేరు వస్తుంది, తెలుగు చేసిన సహవాసి పేరు రావడం లేదు. మన చేతికి అంత చదివించే తెలుగులో వచ్చిందంటే అది ఆయన పని. మూలాన్ని కుదించారా, పూర్తిగా ఇచ్చారా అన్నది కూడా చెప్పాలి. 'ఏడుతరాలు' కుదించిందే.

మాండలికంలో రాసిన పుస్తకాలకు చిన్న హెచ్చరిక కావాలి. నామిని రాసిన చిత్తూరు జిల్లా తెలుగు కోస్తావాళ్ళకు మొదటి పది పేజీలు అడ్డం పడొచ్చు. గొంతెత్తి చదివితే పదకొండో పేజీకి అలవాటైపోతుంది. ఈ మాట చెప్పకపోతే "అర్థం కాలేదండీ" అని తిరిగి వస్తుంది.

ఇక సీరియల్ నవలలు, థ్రిల్లర్లు. వీటిని చిన్నచూపు చూసేవాళ్ళతో నాకు పేచీ. పేజీ తిప్పిస్తోందా లేదా, ముడి విప్పిన తీరు న్యాయంగా ఉందా లేదా, చూడాల్సింది అదే. భయపెట్టడానికి రాసిన నవలలో తాత్వికత వెతకడం, టిఫిన్ సెంటర్‌కెళ్ళి విస్తరాకు భోజనం అడిగినట్టు ఉంటుంది.

3. ఇప్పుడు రాయండి, కానీ కొన్ని మాటలు పక్కన పెట్టి

తెలుగులో పుస్తక పరిచయాలకు అరిగిపోయిన మాటల సంచి ఒకటుంది. ఏకబిగిన చదివిస్తుంది, ఆద్యంతం ఆసక్తికరం, గుండెను తడి చేస్తుంది, మట్టి వాసన, అలతి అలతి పదాలు, ప్రతి ఇంటా ఉండాల్సిన పుస్తకం. రాయడం అయ్యాక ఇవి ఎక్కడున్నాయో వెతికి కొట్టేయండి. ఒక్కోదాని బదులు, మీకు ఎందుకలా అనిపించిందో చెప్పే ఒక సంఘటన పెట్టండి. గుండె తడైందా? ఏ పేజీలో, ఎవరు ఏమన్నప్పుడు?

వరస పెద్ద రహస్యమేమీ కాదు. ఏ లోకంలోకి తీసుకెళ్తుంది, అక్కడ ఎవరున్నారు, మీకు ఏది పట్టుకుంది, ఏది పట్టలేదు, ఎవరికి సరిపడుతుంది. రచయిత పుట్టుపూర్వోత్తరాలతో మొదటి పేరా నింపకండి. కథ మొదటి మూడో వంతు దాటి చెప్పకండి. డాక్టర్ పి. శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు' గురించి నేను ఓ స్నేహితురాలికి రాసింది ఇలా ఉంటుంది:

"విశాఖపట్నంలో అద్దె గదుల్లో ఉంటూ చదువుకునే, ఉద్యోగాలు చేసుకునే కొందరు కుర్రవాళ్ళ కథ. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. తండ్రి భారం మోస్తూనే తనక్కావాల్సింది అడిగి తీసుకుంటుంది, అందకపోతే ఏడుస్తూ కూర్చోదు. ఆమె మంచిదా చెడ్డదా అని రచయిత్రి తీర్పు చెప్పదు. చదువుతూ నేను మూడుసార్లు మనసు మార్చుకున్నాను. 1957, 58ల్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఆధారం ఇదే, కాకపోతే సినిమా చూసేశాను కదా అని వదిలేయకు, అది వేరే దారి పట్టింది. అందులో ప్రకాశం అనే కుర్రాడి మీద నాకు చిరాకు వచ్చింది, నీకూ వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, హాస్టల్లో ఉన్నప్పుడు చదివితే ఇంకా బాగా పడుతుంది."

వంద మాటలు కూడా లేవు. ముగింపు చెప్పలేదు. చిరాకు దాచుకోలేదు.

4. నచ్చనివి, తెలిసినవాళ్ళవి

నచ్చకపోతే రచయిత ఏం చేయబోయారో ముందు న్యాయంగా చెప్పి, ఎక్కడ చేయలేకపోయారో ఒక ఉదాహరణతో చూపించాలి. రచయిత మీద కాదు, పేజీ మీద మాట్లాడాలి.

తెలిసినవాళ్ళ పుస్తకమే అసలు టెన్షన్. ఒక మిత్రుడి కవితా సంపుటిని ఆవిష్కరణ సభ నాడు ఆకాశానికెత్తి, అదే ఊపులో పరిచయం కూడా రాశాను. అది నమ్మి పుస్తకం కొన్న ఒకాయన ఫోన్ చేసి, "నిజం చెప్పండి, మొత్తం చదివారా?" అన్నారు. చదవలేదు. సగమే చదివాను. అప్పట్నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. పూర్తిగా చదవకుండా రాయను. రచయిత నాకు తెలిసినా, పుస్తకం ఉచితంగా వచ్చినా ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను.

5. అడిగినవాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి

పూర్తిగా చదివిన చివరి పుస్తకం ఏది? మధ్యలో వదిలేసింది ఏది? ఎప్పుడు చదువుతారు? నాకు రెండో ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకు వదిలేశారో చెబుతుంటే వాళ్ళకేం కావాలో బయటపడుతుంది. మూడోది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. మెట్రోలో ఇరవై నిమిషాలు చదివేవాళ్ళకు లావు నవల ఇస్తే ప్రతిరోజూ రెండు పేజీలు వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది. వాళ్ళకు కథలే మేలు. బావను ఈ మూడూ అడిగి ఉంటే, రెండింటికి జవాబే లేదని తెలిసేది. అప్పుడు బుచ్చిబాబు జోలికి వెళ్ళేవాణ్ణి కాదు.

6. జాబితా కూర్చేటప్పుడు

ఒక్క పుస్తకం కాకుండా నాలుగైదు చెప్పాలంటే, ముందు మనసుకొచ్చినవి రాసేయండి. రాశాక చూస్తే అన్నీ ఒకే ప్రాంతానివో, ఒకే దశాబ్దానివో, అందరూ మగవాళ్ళు రాసినవో, అన్నీ ఏడిపించేవో అయి ఉంటాయి. నా మొదటి జాబితా అయితే అన్నీ కృష్ణా గోదావరుల మధ్యే తిరిగింది. ఇప్పుడు నేను చూసుకునేవి: ఒకటి నవ్వించేది, ఒకటి నూటయాభై పేజీల లోపుది, ఒకటి కల్పన కానిది, ఒకటి నాకు తెలియని జీవితం గురించి, ఒకటి కొంచెం శ్రమ పెట్టేది.

మచ్చుకు, కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్ళకు నేనిచ్చే ఓ వరస: 'బారిష్టర్ పార్వతీశం', 'కాలాతీత వ్యక్తులు', 'విశ్వరూపం', నెల్లూరు జిల్లా ముస్లిం ఇళ్ళలోని బాల్యం కోసం ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', కొన్ని తరాల దళిత కుటుంబ కథ కోసం జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. దీంట్లో తెలంగాణ లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చేర్చాలంటే ఏది తీయాలా అని ప్రతిసారీ తర్జనభర్జన పడతాను, చివరికి ఆరు ఇచ్చేస్తాను. శ్రమ పెట్టేదానికి, అలవాటైనవాళ్ళకైతే, ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' చెబుతాను. 1830లో మద్రాసు నుంచి కాశీకి పరివారంతో బయల్దేరిన మనిషి దారిపొడుగునా రాసుకున్నది. ఆ భాష నమలాలి, నమిలితే రుచి ఉంది.

7. దొరుకుతుందో లేదో చూశాకే చెప్పండి

దొరకని పుస్తకాన్ని పొగడటం ఆకలితో ఉన్నవాడికి వంటకం వర్ణించడమే. కొత్త ముద్రణ ఉందా, ఎంత ధర, ఎవరు వేశారు చూసి రాయండి. ముద్రణ ఆగిపోయిందంటే పాత పుస్తకాల వేట ఒక్కటే దారి. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి. పాత కథ కావాలంటే కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. అమెరికాలో ఉన్న మేనకోడలికి చెప్పేటప్పుడు ఈ-బుక్ ఉన్నదే చెప్పండి. లేకపోతే వచ్చే వేసవి దాకా ఎవరి సూట్‌కేసులోనో చోటు కోసం ఎదురుచూడాలి.

8. ఏమైందో రాసుకోండి

నా దగ్గర ఓ రెండొందల పేజీల నోట్‌బుక్ ఉంది. ఎవరికి, ఏ పుస్తకం, ఎప్పుడు, ఏమన్నారు అని నాలుగు గడులు. నెల తర్వాత ఒకసారి అడుగుతాను, పరీక్ష పెట్టినట్టు కాకుండా మాటల్లో మాటగా. ఒకరికి తప్పిన గురి రెండోసారి కుదరడం ఈ నోట్‌బుక్ వల్లే.

బావ పేరు అందులో రెండుసార్లు ఉంది. మొదటిసారి ఎదురుగా 'మందుల చీటీ, పే. 40' అని రాసుంది. రెండోసారి మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం ఇచ్చాను. పార్వతీశం తెలియక దొరసాని టోపీ కొనుక్కున్న చోటుకి వచ్చాక, రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. నవ్వుతో మాట రావడం లేదు. దాని ఎదురుగా ఇలా రాసుకున్నాను: 'అయిపోయింది. రెండు, మూడు భాగాలు అడిగాడు. మొదటిది ఇంకా తిరిగివ్వలేదు.'