పన్నెండు మందికి పొద్దుటి ఫలహారం – 4వ పాఠం: రాత్రంతా నానాలి

గడిచిన మూడు పాఠాల్లో ఓవెన్ వేడి తెలుసుకోవడం, బ్రెడ్డు ఎండబెట్టడం, గుడ్లకీ పాలకీ ఉండాల్సిన పాళ్ళు చూశాం. ఇవాళ ఆ మూడూ ఒకే ట్రేలోకి చేరతాయి. శనివారం రాత్రి పేర్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం పొద్దున ఓవెన్‌లో పెట్టేసే బ్రెడ్డు, గుడ్డు, కూరగాయల బేక్ ఇది. అమెరికాలో దీన్ని స్ట్రాటా అంటారు. పొరలు అని అర్థం.

బెంగళూరులో కాపురం ఉంటే ఇది ఎప్పుడు పనికొస్తుందో చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో రాత్రి బస్సెక్కిన చుట్టాలు తెల్లారేసరికి మారతహళ్ళిలో దిగుతారు. రెండు పడగ్గదుల ఫ్లాటు, పన్నెండు మంది, ఒక్క దోసె పెనం. మొదట తిన్నవాళ్ళు రెండో కాఫీ తాగుతుంటారు, ఆఖరివాళ్ళకి ఇంకా కంచం కూడా పెట్టి ఉండరు. దోసెలు పోసే మనిషి మాత్రం వచ్చినవాళ్ళతో నాలుగు మాటలైనా ఆడకుండానే పొద్దు గడిచిపోతుంది. అందరితోపాటు కూర్చుని తినాలని ఉన్నవాళ్ళ కోసం ఈ పాఠం రాస్తున్నాను.

ట్రే 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు, 2 అంగుళాల లోతు ఉండాలి. కొనేముందు మీ ఓటీజీ, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, లోపల టేపు పెట్టి కొలవండి. చిన్న ఓటీజీల్లో ఇది పట్టదు. తిరిగే పళ్ళెం ఉన్న మైక్రోవేవ్ కన్వెక్షన్ అయితే పొడుగు ట్రే గోడలకి తగిలి ఆగిపోతుంది. అలాంటప్పుడు గుండ్రటి ట్రేలు రెండు తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకోవాలి.

ఈ ట్రేకి బ్రెడ్డు 450 గ్రాములు కావాలి. అంటే 400 గ్రాముల ప్యాకెట్టు ఒకటి, పైన మరో రెండు ముక్కలు. ఇక్కడి అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు దీనికి బాగుంటుంది, అయితే తీపి తక్కువ ఉన్నది అడిగి తీసుకోండి. గుడ్లు పది. పాలు 900 మిల్లీలీటర్లు. అర లీటరు నందిని ప్యాకెట్లు రెండు కాచి చల్లార్చుకుంటే, ఇందులోకి పోనూ మిగిలినవి కాఫీకి వస్తాయి. పాలు పూర్తిగా చల్లారాకే గుడ్లలో పోయాలి. వేడి పాలు పోస్తే గుడ్డు అక్కడే ఉండలు కడుతుంది. తురిమిన చీజ్ 200 గ్రాములు. ఉప్పు చిన్న చెంచాతో ఒకటిన్నర, అంతకు మించి వద్దు, చీజ్‌లో ఉప్పు ఉంటుంది. మిరియాలు అప్పటికప్పుడు దంచి ఒక చెంచా వేయండి. పచ్చిమిర్చి మీ ఇష్టం. పసుపు, గరం మసాలా మాత్రం నేను వేయను. గుడ్డు, పాలు, మిరియాలు కలిసిన రుచి దానికదే నిండుగా ఉంటుంది. కారం కావలసినవాళ్ళకి పక్కన అల్లం పచ్చడి పెడితే చాలు.

ఇక కూరగాయలు. అన్నీ కలిపి 600 గ్రాములు: ఉల్లిపాయలు, క్యాప్సికం, పుట్టగొడుగులు, పాలకూర. మొదటిసారి చేసినప్పుడు వీటిని రెండు నిమిషాలు వేయించి, మెత్తబడగానే దించేశాను. పొద్దున ట్రే పైన బంగారు రంగు తేలి ఎంతో బాగా కనిపించింది. అట్లకాడతో మొదటి ముక్క ఎత్తాను, ఆ ఖాళీలోకి అడుగునుంచి బూడిదరంగు నీళ్ళు ఊరి వచ్చాయి. పుట్టగొడుగు బరువులో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. పాలకూరా అంతే. మూకుట్లో పోవాల్సిన నీళ్ళు పోలేదు కాబట్టి ట్రేలోకి దిగాయి.

దీనికి మన వంటింట్లోనే సరైన మాట ఉంది: ఇగరబెట్టడం. వెడల్పాటి మూకుడు పెట్టి, మంట పెద్దది చేసి, కూరగాయలని రెండు వాయిలుగా వేయించండి. ముందు నీళ్ళు ఊరి కుతకుతమంటాయి, అప్పుడు దించకూడదు. కాసేపటికి ఆ చప్పుడు మారి నూనె చిటపటమంటుంది. గరిటెతో కూరని పక్కకి జరిపితే మూకుడు అడుగు పొడిగా కనిపించాలి. పాలకూర వాడిన తర్వాత చల్లార్చి, గుప్పిట్లో పిండి వేయండి. అన్నీ పూర్తిగా చల్లారాకే పేర్చాలి.

పేర్చడం సులువే. ట్రేకి వెన్న రాసి, ఎండిన బ్రెడ్డు ముక్కలు సగం, కూర సగం, చీజ్ మూడో వంతు. మళ్ళీ అదే వరస. మిగిలిన చీజ్ పొద్దున పైన చల్లడానికి పక్కన ఉంచండి. గుడ్లు, పాలు, ఉప్పు, మిరియాలు బాగా గిలక్కొట్టి, అంతటా పడేలా నిదానంగా పోయండి. అరచేత్తో మెల్లగా అదిమి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎనిమిది గంటలు ఉంటే మంచిది, ఒక రోజు దాటనివ్వకండి.

ఈ వంట ప్రాణమంతా ఆ నానడంలోనే ఉంది. ఆవడలు చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గారె లోపలిదాకా తడిస్తేనే పెరుగు పీల్చుకుంటుంది, లేకపోతే నడిమధ్య పిండిముద్ద తగులుతుంది. బ్రెడ్డూ అంతే. ఎండిన ముక్క గుడ్డు పాలని లోపలికి తీసుకుని ఓవెన్‌లో వాటితో కలిసి గట్టిపడుతుంది. తాజా బ్రెడ్డు పైపైన తడిసి, ముద్దయి అడుగుకి జారుతుంది.

నానిందో లేదో చూడడం మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ మినప్పప్పు నానిందా అని గోటితో గిల్లి చూస్తారు. మొదటిసారి ఈ ట్రే ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు అలవాటుగా నడిమధ్య ముక్క ఒకటి పైకి లాగి, రెండుగా తుంచి, “ఇదిగో, లోపల ఇంకా తెల్లగా పొడిగా ఉందమ్మా” అన్నారు. గోరంత పొడి మిగిలింది. చెంచాతో అంచుల్లోని పాలు తీసి మధ్యలో పోసి, ఇంకో అరగంట ఆగాం. అప్పటినుంచి ఒక ముక్క తుంచి చూడకుండా ఓవెన్ వేయలేదు.

పొద్దున ఏడుకి ట్రే బయట పెట్టండి. గాజుదైతే ఇది తప్పనిసరి. మంచులాంటి గాజుని సలసల వేడిలో పెడితే పగలొచ్చు. స్టీలు, అల్యూమినియం ట్రేలకి ఆ భయం లేదు. ఓవెన్ 180 డిగ్రీలకి వేడెక్కాక, ఏడున్నరకి, ఫాయిల్ కప్పి మధ్య అరలో పెట్టండి. అరగంట తర్వాత ఫాయిల్ తీసి, ఉంచిన చీజ్ చల్లి, ఇంకో అరగంట. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 165 చాలు. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించుకోండి. చాలా అపార్టుమెంట్లలో జనరేటరు మీద ఫ్లాటుకిచ్చే కరెంటు ఓవెన్‌ని మోయలేదు. ట్రే లోపల ఉండగా పోతే తలుపు తెరవకండి, కాసేపు ఆ వేడి నిలుస్తుంది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు ఆలస్యంగా ఉడకడానికి కారణం అదే. ఈ వంటకి మాత్రం ఆ తేడా తగలదు. గుడ్డు, పాలు 80 లోపే గట్టిపడతాయి. థర్మామీటరు ఉంటే మధ్యలో గుచ్చండి, 72 దాటితే అయినట్టే. లేకపోతే నడిమధ్య చాకు దించి పక్కకి వంచి చూడండి. పాలు కనిపిస్తే మరో పది నిమిషాలు.

బయటికి తీయగానే కోయకండి. పొంగు కొద్దిగా దిగి, లోపల కుదుటపడడానికి పావుగంట కావాలి. ఆలోగా కాఫీ డికాక్షన్ దిగుతుంది. పొడవునా నాలుగు, అడ్డంగా మూడు కోస్తే పన్నెండు ముక్కలు.

ఈ వారం చుట్టాలెవరూ రాకపోయినా సగం కొలతతో 8 అంగుళాల చదరపు ట్రేలో చేయండి. ఫాయిల్ తీశాక ఇరవై నిమిషాలకే చాకు పరీక్ష మొదలుపెట్టండి. మొదటి ముక్క ఎత్తినప్పుడు ట్రే అడుగు పొడిగా ఉందా, తడిగా ఉందా, ముక్క నిలబడిందా, వాలిందా చూసి రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో గుడ్డు ముట్టనివాళ్ళకి శనగపిండి, పెరుగుతో ఇదే ట్రే ఎలా నింపాలో చూద్దాం. ఆ కాగితం అప్పుడు కావాలి.