తొట్టి ఎత్తే ముందు ఎర్తు చూడండి: పికప్ ట్రక్కు ఫ్యూయల్ పంపు సమస్యలు

సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. లేదా స్టార్ట్ అవుతుంది గానీ, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు పుల్లింగ్ తగ్గి, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇందులో ఏది కనిపించినా చాలామంది చేసేది ఒకటే: కొత్త ఫ్యూయల్ పంపు కొని, నలుగురిని పిలిచి, పంపు ఉండే ట్యాంకు అందడానికి వెనక తొట్టి ఎత్తేస్తారు. అలా తీసి పక్కన పడేసిన పంపుల్లో నిక్షేపంగా తిరిగేవి చాలా చూశాను. అందుకే బోల్టుల జోలికి పోకముందే చూడాల్సినవి ముందు చెబుతున్నాను.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు

తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా వినండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నటి మోత వస్తుంది. రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చి డబ్బా) చూడండి. హారన్‌కి అదే రకం రిలే ఉంటే దాన్ని తెచ్చి ఇక్కడ గుచ్చండి, నిమిషంలో తేలిపోతుంది. పాత ఫోర్డ్ ట్రక్కుల్లో, గుద్దుకున్నప్పుడు పంపుని ఆపేసే ఇనర్షియా స్విచ్చి ఒకటుంటుంది. గట్టి కుదుపుకే అది తన్నేయవచ్చు. బటన్ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే మాత్రం ట్యాంకుని వదిలేసి, ఇంజను తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సారు చూడండి.

మోత వస్తున్నా స్టార్ట్ కావట్లేదంటే ప్రెషర్ గేజి పెట్టాల్సిందే. గేజి లేకుండా పంపు మార్చడం గుడ్డిగా చేసే పని. పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్లకు మామూలుగా 40 నుంచి 60 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) మధ్య ఉండాలి, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెనే నమ్మండి. 1990ల చివరి షెవర్లే వోర్టెక్ ఇంజన్లకు 60 దాకా కావాలి. ఇంకో బండికి సరిపోయే 50 చూసి "పంపు బాగానే ఉంది" అనుకుంటే అక్కడే దారి తప్పుతారు.

పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి

తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి తర్వాత సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రి లైనులో ప్రెషర్ జారిపోతోందని అర్థం. పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే, పంపులోని చెక్ వాల్వు కావచ్చు, కారే ఇంజెక్టరు కావచ్చు. ఇంజెక్టరు కారితే స్టార్ట్ అవగానే పెట్రోలు వాసనతో పొగ వస్తుంది.

కొత్త పంపు వేసినా మళ్లీ అదే సమస్య

ఇది నన్ను బాగా ముంచింది. ఒక ట్రక్కుకి పంపు మార్చాను. నాలుగు నెలలకి అదే బండి, అదే దగ్గు. పంపే నాసిరకమనుకుని ఇంకోటి వేశాను. మళ్లీ వచ్చింది. రెండుసార్లూ పంపు వైరు ప్లగ్గు ఊడదీసి, వైరు పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టి చూశాను, 12.4 వోల్టులు చూపించింది. కరెంటు సరిగ్గానే వస్తోందని నమ్మాను. తప్పు అక్కడే జరిగింది. ప్లగ్గు ఊడదీస్తే వైరులో కరెంటు పారదు. పారనప్పుడు పది పోగుల్లో తొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు పూర్తి వోల్టేజి చూపిస్తుంది. పంపు తిరగడం మొదలైతే గానీ ఆ ఒక్క పోగు గుట్టు బయటపడదు.

మూడోసారి పంపు తిరుగుతుండగా కొలిచాను: 9.8. మిగిలినదంతా ఎర్తు దగ్గరే, అంటే కరెంటు ఛాసీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారిలోనే పోతోంది. తొట్టి కింద, ఛాసీకి బిగించిన ఎర్తు రింగు పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంది. విప్పితే అడుగున తుప్పు పొడిపొడిగా రాలింది.

లెక్క చూడండి. పంపు 5 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. తుప్పు వల్ల ఆ జాయింటులో 0.3 ఓమ్ అడ్డు చేరితే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అంతే కాదు, ఏడున్నర వాట్ల వేడి ఆ చిన్న జాయింటులోనే పుడుతుంది. జాయింటు ప్లగ్గు పిన్ను దగ్గరైతే ప్లాస్టిక్కు గోధుమరంగుకి మాడుతుంది. వోల్టేజి తగ్గిన పంపు నెమ్మదిగా తిరిగి ప్రెషర్ దించేస్తుంది. ఇంజను ఎక్కువ పెట్రోలు అడిగే ఎత్తుల మీదే ముందుగా ఇది తెలుస్తుంది.

అందుకని ఇలా కొలవండి. ప్లగ్గు పెట్టే ఉంచి, పంపు తిరుగుతుండగా, ప్లగ్గు వెనక నుంచి ఎర్తు వైరు పిన్నుకి సన్నటి సూది తగిలించండి. మీటరు ఒక కొస ఆ సూదికి, రెండోది నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి. 0.2 వోల్టుల లోపు వస్తే మంచిది. 0.5 దాటితే పంపు జోలికి పోవద్దు, ఎర్తు బాగుచేయండి. పాజిటివ్ వైపూ ఇలాగే, బ్యాటరీ పాజిటివ్ నుంచి పంపు పిన్నుదాకా. చాలా బండ్లలో కింద పడుకుంటే ఈ ప్లగ్గు చేతికి అందుతుంది. తొట్టి ఎత్తనక్కర్లేదు.

రింగుని గీకి మెరిసే ఇనుము కనిపించేదాకా శుభ్రం చేయండి, కింద ఛాసీ పెయింటు కూడా. బిగించాక పైన గ్రీజు పూయండి. ప్లగ్గు మాడితే కొత్త ప్లగ్గు వైరుతో సహా వేయండి, పాతదాన్ని టేపు చుట్టి సరిపెట్టకండి. 2004 నుంచి 2008 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుల్లో పంపుని నడిపే మాడ్యూల్ స్టెప్నీ పైన ఛాసీకి ఆనుకుని ఉంటుంది. అల్యూమినియం, ఇనుము తాకే చోట తుప్పు తినేస్తుంది. స్టెప్నీ దించితే కనిపిస్తుంది.

నిజంగా పంపే పోతే

ట్యాంకు సగానికి పైగా నిండి ఉంటే దాన్ని కిందికి దించడం కన్నా తొట్టి ఎత్తడమే తేలిక. బ్యాటరీ నెగటివ్ విప్పండి, లైను ప్రెషర్ వదిలించండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. సాధారణంగా ఆరో ఎనిమిదో బోల్టులు, అమెరికన్ ట్రక్కుల్లో ఎక్కువగా టార్క్స్ (నక్షత్రం ఆకారపు గుంట) తలవి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోయండి. బోల్టు రాకపోతే గ్యాస్ మంట మాత్రం పెట్టకండి, కిందే ట్యాంకు ఉంది.

పెట్రోలు మూత దగ్గర స్క్రూలు, టెయిల్ లైటు ప్లగ్గు, నంబర్ ప్లేటు బల్బు వైరు, ఫిల్లర్ గొట్టం నుంచి ఛాసీకి వెళ్లే చిన్న ఎర్తు వైరు విప్పాలి. ఈ చివరిది మరిచిపోయి తొట్టి ఎత్తి తెంపేవాళ్లు చాలామంది. పెట్రోలు పోసేటప్పుడు పుట్టే స్టాటిక్ పోవడానికే అది ఉంది, తెగితే తప్పకుండా కొత్తది వేయండి. టెయిల్‌గేట్ తీసేస్తే బరువు బాగా తగ్గుతుంది. ఒంటరిగా ఉంటే ఒక వైపు బోల్టులు తీసి, రెండో వైపువి వదులు చేసి, తొట్టిని పక్కకి ఒరిగించి, ఊతం పెట్టి పనిచేయవచ్చు. ఊతం గట్టిగా లేనిదే కిందికి తల పెట్టకండి.

ట్యాంకు పైన మట్టి ఊదేసి, తుడిచి, తర్వాతే లాకు రింగు తిప్పండి. ఇత్తడి పంచ్ వాడండి, ఉక్కు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. కింద కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు ఎప్పుడూ కొత్తదే.

బిగించాక వచ్చేవి

పెట్రోలు పోస్తుంటే నాజిల్ పదేపదే ఆగిపోతే గాలి గొట్టం మడతపడింది. డాష్‌బోర్డులో పెట్రోలు గేజి ముల్లు తప్పు చూపిస్తే, పంపు దించేటప్పుడు ఫ్లోటు కమ్మి వంగింది. మూల తిరిగినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఓ-రింగు సరిగ్గా కూర్చోలేదు. ట్యాంకు లోపల తుప్పు, పంపు అడుగున ఉండే జాలీ మూసుకుపోవడం లాంటివి అరుదు, ట్యాంకు తెరిచినప్పుడు కంటికే కనిపిస్తాయి.

తొట్టి వెనక్కి పెట్టేముందు బ్యాటరీ బిగించి, తాళం ఆన్ చేసి, ట్యాంకు పైన తడి ఉందేమో చూడండి. ఇంజను నడుస్తుండగా ఎర్తు ఇంకోసారి కొలవండి. ఆ రెండు అంకెలు, ప్రెషర్, ఎర్తు వోల్టేజి, ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఆరు నెలలకి దగ్గు మొదలైతే మొదట పోల్చి చూడాల్సింది వాటితోనే.