ఇంజన్ ఊపిరి – 4వ పాఠం: మేనిఫోల్డ్ కొనే ముందు గొట్టం కొలవండి

కిందటి పాఠంలో ఎయిర్ ఫిల్టర్ దగ్గర్నించి థ్రాటిల్ బాడీ దాకా గాలి వెళ్లే దారి చూశాం. స్కానర్ పెట్టి, మేనిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగులు రెండు రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ రోజు పని దానితోనే మొదలు.

మొదటి రీడింగు ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి తీసింది. మన విశాఖ ఆర్కే బీచ్ దగ్గర తీసి ఉంటే అది 100 కిలోపాస్కల్స్‌కి అటూ ఇటూ ఉంటుంది. అదే బండి అరకు ఎక్కితే 91 దరిదాపుల్లోకి దిగుతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లం కాబట్టి గాలి ఒత్తిడికి మనకు లోటు లేదు. రెండోది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 6000 ఆర్పీఎం దగ్గర తీసింది. డైనో (బండిని నిలబెట్టి రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) దొరకనివాళ్లు ఖాళీ చోట మొదటి గేరులోనే తీయండి, వేగం గంటకు 50 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. రీడింగు చదవడానికి పక్కన మరొకరు ఉండాలి. రెండో అంకె 97, 98 ఉంటే ప్లీనమ్ దాకా గాలికి అడ్డం లేనట్టే. 90కి పడిపోయిందంటే లోపం ఫిల్టర్లోనో, పైపులోనో, థ్రాటిల్లోనో ఉంది. ముందు దాని సంగతి చూడండి. అది వదిలేసి మేనిఫోల్డ్ కొంటే డబ్బు సముద్రంలో పోసినట్టే.

ప్లీనమ్ అంటే థ్రాటిల్ దాటాక గాలి చేరే డబ్బా. అక్కడినుంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం వెళ్తుంది. ఆ గొట్టాలే రన్నర్లు. డబ్బా, గొట్టాలు, హెడ్డుకి బిగించే ఫ్లాంజీ, ఈ మూడూ కలిస్తే ఇన్‌టేక్ మేనిఫోల్డ్.

మొన్న మధురవాడ నుంచి ఒక కుర్రాడు పాత హోండా సిటీ వీటెక్ తీసుకొచ్చాడు. వెనక సీట్లో కొత్త అల్యూమినియం మేనిఫోల్డ్, తళతళలాడిపోతోంది. "అన్నా, ఇది పెడితే ఎంత పవరొస్తాది?" అన్నాడు. "నువ్వు రోజూ ఎటు తిరుగుతావు తమ్ముడూ?" అంటే, "ఇంటికాణ్ణించి గాజువాక డ్యూటీకి, ఆదివారం భీమిలి" అన్నాడు. అంటే ఎన్ఏడీ కొత్తరోడ్డు ట్రాఫిక్‌లో 2000, 3000 ఆర్పీఎం మధ్య నడిచే బండి. టేపు పెట్టి రన్నర్ కొలిచాను, 18 సెంటీమీటర్లు. హెడ్డులో వాల్వు దాకా ఉన్న పోర్టు ఇంకో 8. మొత్తం 26. తర్వాత అతని ముందే కాగితం మీద వేసిన లెక్క మీకూ నేర్పుతాను. ఈ పాఠానికి ప్రాణం ఇదే.

పిస్టన్ కిందికి దిగుతూ గాలిని లాగుతుంది. ఆ లాగుడు ఒక అలలా రన్నర్లో పైకి, ధ్వని వేగంతో వెళ్తుంది. ప్లీనమ్‌లోకి తెరుచుకున్న మూతి దగ్గర తలకిందులై, లాగే అల తోసే అలగా మారి వెనక్కొస్తుంది. ఇన్‌టేక్ వాల్వు మూసుకోబోయే ముందు అది వాల్వు దగ్గరికి చేరిందా, ఇంకాస్త గాలిని లోపలికి కుక్కుతుంది. జనరల్ బోగీ తలుపు దగ్గర వెనకనుంచి ఒక్క తోపు వస్తే ఇంకో ఇద్దరు లోపల పడతారు చూడండి, అలాగన్నమాట. వేళ తప్పి వస్తే ఆ తోపు వల్ల ఉపయోగం లేదు.

ఇక లెక్క. 6000 ఆర్పీఎం దగ్గర క్రాంకు ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు. అల వెళ్లి రావడానికి సుమారు పావు చుట్టు, అంటే 2.5 మిల్లీసెకన్లు దొరుకుతుంది. మన ఊరి వేడి గాలిలో ధ్వని సెకనుకి దాదాపు 350 మీటర్లు పోతుంది, కాబట్టి ఆ 2.5 మిల్లీసెకన్లలో 87.5 సెంటీమీటర్లు. పోవడం, రావడం రెండూ అందులోనే గనుక సగం చేస్తే 44 సెంటీమీటర్లు. వాల్వు నుంచి ప్లీనమ్ మూతి దాకా ఉండాల్సిన పొడవు అది. దగ్గరి దారి కావాలంటే 2,62,500ని ఆర్పీఎంతో భాగించండి, సెంటీమీటర్లలో పొడవు వస్తుంది. 4000కి 66, 8000కి 33. పొడవుతో భాగిస్తే ఆర్పీఎం వస్తుంది. వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌ని బట్టి ఈ అంకె కొంత అటూ ఇటూ జరుగుతుంది, కానీ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇది చాలు.

ఆ కుర్రాడి 26 సెంటీమీటర్లు వేసి చూడండి. 10,000 ఆర్పీఎం పైమాటే. అతని ఇంజన్ జన్మలో అక్కడికి వెళ్లదు. బిగిస్తే ఊళ్లో పికప్ పోతుంది, పైన కూడా దక్కేది తక్కువ. వస్తువులో లోపం లేదు. ఏ రేసింగ్ ఇంజన్‌కో చేసినది అది, ఈ బండికి చేసినది కాదు. వెనక్కి పంపించమన్నాను.

పొడవు ఒక్కటి మారితే ఏమవుతుందో చెప్పడానికి క్రైస్లర్ 300ఎఫ్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1960 నాటి కారు, 413 క్యూబిక్ అంగుళాల వీ8. మామూలు రకంలో రన్నర్లు 30 అంగుళాలు, 375 హార్స్ పవర్. ప్రత్యేక రకంలో బయటికి గొట్టాలు అచ్చం అలాగే కనిపిస్తాయి, కానీ లోపలి అడ్డుగోడ కోసేసి పని చేసే పొడవును 15 అంగుళాలకు తగ్గించారు. దాని పవర్ 400. పొట్టి గొట్టం పైన బలాన్నిచ్చింది, పొడుగు గొట్టం కింద పికప్‌నిచ్చింది. రెండూ కావాలనుకున్నవాళ్లు పొడవు మారే గొట్టాలే తయారుచేశారు. 1991లో లె మాన్ గెలిచిన మాజ్డా 787బీలో ఇంజన్ వేగాన్ని బట్టి ఇన్‌టేక్ గొట్టాలు జారి పొడుగవుతూ పొట్టవుతూ ఉండేవి.

పొడవు తర్వాత లావు. 1.5 లీటర్ల ఇంజన్లో ఒక్కో సిలిండర్ 375 సీసీ. 6000 దగ్గర అర చుట్టులో, అంటే 5 మిల్లీసెకన్లలో అది నిండాలి. 38 మిల్లీమీటర్ల గొట్టంలో గాలి సెకనుకి సగటున 66 మీటర్లు పోతుంది, 42 మిల్లీమీటర్లయితే 54. అదే 2500 దగ్గర 28, 23 అవుతాయి. వేగం తగ్గిన గాలికి ఊపు ఉండదు, వాల్వు మూసుకునే వేళకి తనంతట తాను లోపలికి దూరలేదు. ఊళ్లో తిరిగే బండికి లావు గొట్టం వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. టర్బో బండ్లకి కూడా మేనిఫోల్డ్ కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి 6వ పాఠం ఉంది.

వేడి గురించి ఒక మాట. కంపెనీ ప్లాస్టిక్ మేనిఫోల్డ్ అంటే చాలామందికి చులకన. నిజానికి అది అల్యూమినియంలా ఇంజన్ వేడిని పీల్చుకోదు. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 శాతం పలచబడుతుంది. మే నెలలో గాజువాక జంక్షన్లో పది నిమిషాలు ఆగిన బండికి ఇది తేలిక విషయం కాదు. అల్యూమినియం పెట్టి తీరాలంటే హెడ్డుకీ దానికీ మధ్య వేడిని పారనివ్వని హైలం షీటుతో స్పేసర్ కోయించండి. దాని మందం కూడా గొట్టం పొడవులో కలుస్తుందని మరవకండి.

బిగింపుకి వద్దాం. కొత్తది కొన్నా, ఇక్కడే కట్టించుకున్నా (షిప్‌యార్డు ఉన్న ఊరు, ఆర్గాన్ వెల్డింగ్ తెలిసిన చేతులకు కొదవ లేదు) ముందు ఫ్లాంజీ మీద స్టీలు స్కేలు నిలబెట్టి సందుల్లో ఫీలర్ గేజ్ పెట్టండి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజీ వంగుతుంది. గేజ్‌లోని 0.1 మిల్లీమీటర్ రేకు దూరితే మిషన్ పనికి పంపి సాపు చేయించాలి. తర్వాత కొత్త ప్యాకింగ్‌ని (గ్యాస్కెట్) పోర్టుల మీద పెట్టి చూడండి. దాని అంచు గాలి దారిలోకి పొడుచుకొస్తే మీరు పెట్టిన ఖర్చంతా అక్కడే ఆగిపోతుంది.

పాతది విప్పగానే పోర్టుల్లో గుడ్డలు కుక్కాలి, నట్టో వాషరో పడకుండా. ఒకసారి బిగించే హడావుడిలో ఒక గుడ్డ తీయడం మరిచాను. మూడో సిలిండర్ అందుకోలేదు, మళ్లీ మొత్తం విప్పాను. కస్టమర్‌కి ఒక రోజు పోయింది, అది నా తప్పే. అప్పట్నుంచి ఎర్ర గుడ్డలే వాడతాను. ప్రతిదానికీ బయట వేలాడే తాడు కట్టి, 4 పెట్టాను, 4 తీశాను అని పైకి లెక్కపెడతాను. మీరూ అలాగే చేయండి.

నట్లు మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. టార్క్ రెంచి తప్పదు. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే వాడండి. 12 నంబరు స్పానర్ పట్టే 8 ఎంఎం బోల్టులకి సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మన ఉప్పు గాలికి స్టీలు బోల్టు అల్యూమినియంలో పట్టేస్తుంది, రెండేళ్ల తర్వాత విప్పబోతే మరతోసహా ఊడొస్తుంది. అందుకే మాన్యువల్ వద్దనకపోతే పల్చగా కాపర్ గ్రీజు రాయండి. రాసిన బోల్టు అదే టార్కుకి ఎక్కువ బిగుస్తుంది, చెయ్యి కాస్త ముందే ఆపండి.

స్టార్ట్ చేశాక లీకు చూడాలి. బ్రేకు బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిర్లను మేనిఫోల్డ్‌లోకి పంపేది) సరిగ్గా ఎక్కాయా? గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ బండ్లలో లీకుంటే స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ పెట్రోలును తనంతట తాను పెంచే, తగ్గించే శాతం) ఐడ్లింగ్‌లో ప్లస్ 10 దాటి, 2500 దగ్గర తగ్గుతుంది. హోండా లాంటి మ్యాప్ సెన్సర్ బండ్లలో ట్రిమ్ చూసి మోసపోతారు. అక్కడ ఐడ్లింగ్ ఆర్పీఎం పెరగడమో, పైకీ కిందికీ ఊగడమో గుర్తు. స్ప్రే సీసాతో జాయింట్ల మీద నీళ్లు కొట్టండి, ఇంజన్ శబ్దం మారిన చోటే లీకు. కార్బ్ క్లీనర్ కొట్టకండి, వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది, మంట లేస్తుంది.

ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాపు, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక, మార్చకుండా పూర్తిగా తొక్కకండి. అదే ఒత్తిడికి ఇప్పుడు లోపలికి పోయే గాలి వేరు, ఈసీయూకి ఆ సంగతి తెలియదు. పెట్రోలు చాలకపోతే ఇంజన్ నాకింగ్ చేసి పిస్టన్ పోతుంది. పొగ గొట్టంలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, పూర్తి థ్రాటిల్లో గాలి-పెట్రోలు పాళ్లు 12.5 నుంచి 13 మధ్య ఉండేలా ట్యూన్ చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది, కాబట్టి పెద్ద మార్పులు ట్రాక్ బండికే ఉంచుకోండి. మనకు అందుబాటులో ఉన్న ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది.

వచ్చే పాఠానికి పని ఇది: వారం రోజులు స్కానర్‌తో మీ బండి ఏ ఆర్పీఎంలో ఎక్కువ సేపు ఉంటోందో రాయండి. మీ మేనిఫోల్డ్ రన్నర్ మధ్య గీత వెంట దారం పరిచి పొడవు కొలవండి, పోర్టు కలపండి, 2,62,500ని దాంతో భాగించండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉంచండి. 5వ పాఠంలో ఆ రెంటికీ మధ్య క్యామ్‌ని తెస్తాం.