ఆల్టీమీటర్ తేడాగా చూపిస్తోందా? లక్షణం నుంచి కారణం దాకా

విమానంలో ఎత్తు చూపించే ఆల్టీమీటర్ నిజానికి ఎత్తును కొలవదు. బయటి గాలి పీడనాన్ని పట్టుకుని దాన్ని అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. లోపల గాలి తీసేసి మూసిన పలుచని లోహపు డబ్బీలు ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ బయట పీడనం తగ్గి అవి ఉబ్బుతాయి, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. అందుకే ముల్లు తేడా చేసినప్పుడు ముందు మూడు చోట్ల వెతకాలి: డయల్ మీది చిన్న కిటికీలో నాబ్ తిప్పి మనం పెట్టిన పీడనం అంకె, పీడనం లోపలికి వచ్చే రంధ్రం, ఆ రోజు గాలి తీరు. పైలట్ ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకు నేను మొదటి రోజు చెప్పేది ఇదే.

నేల మీద ఉండగానే ఎత్తు కలవట్లేదు

క్యూఎన్‌హెచ్ అంటే ఆ చోటి పీడనాన్ని సముద్రమట్టానికి లెక్కగట్టిన విలువ. దాన్ని సరిగ్గా పెడితే, ఆగి ఉన్న విమానంలో ముల్లు ఎయిర్‌పోర్ట్ ఎత్తును చూపించాలి. బేగంపేటలో అయితే సుమారు 1,740 అడుగులు. ఒకవేళ 1,470 చూపించిందనుకోండి, కంగారు పడకుండా కిటికీలోకి చూడండి. చాలాసార్లు 1009 ఉండాల్సిన చోట 999 ఉంటుంది. ఒక్క హెక్టోపాస్కల్‌కి (పీడనం కొలిచే యూనిట్) సుమారు 27 అడుగులు, పదికి 270. అంకె తగ్గిస్తే ముల్లు తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. ఈ లెక్క నోటికి వచ్చేస్తే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

అంకె సరిగ్గానే ఉన్నా తేడా ఉంటే అద్దం మీద వేలితో మెల్లగా తట్టి మళ్లీ చూడండి. అప్పటికీ 75 అడుగులకు మించి తేడా ఉంటే ఆ రోజు ఎగరడం మానేసి ఇంజినీర్‌కి రాసివ్వండి. నాబ్ తిప్పి ముల్లును 1,740 మీదకి తెచ్చుకుని బయల్దేరడం తప్పు. పరికరంలోని లోపం పైకి వెళ్లాక కూడా అంతే ఉంటుందన్న గ్యారంటీ లేదు. క్యూఎన్‌హెచ్ చెప్పేవాళ్లే లేని చిన్న స్ట్రిప్‌లో మాత్రం స్థలం ఎత్తును బట్టి నాబ్ తిప్పుకోవడమే పద్ధతి.

తేడా సుమారు 600 అడుగులు

అమెరికాలో ట్రైనింగ్ చేసి వచ్చిన మనవాళ్లు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. అక్కడ పీడనాన్ని పాదరసం అంగుళాల్లో చెబుతారు, ప్రామాణిక విలువ 29.92. ఇక్కడ హెక్టోపాస్కల్స్‌లో, 1013. కంట్రోలర్ "992" అంటే అలవాటు కొద్దీ చెవి దాన్ని 29.92గా వింటుంది. నిజానికి 992 హెక్టోపాస్కల్స్ అంటే 29.29 అంగుళాలు. 29.92 పెట్టుకుంటే 1013 పెట్టినట్టే, ముల్లు సుమారు 600 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. రీడ్‌బ్యాక్‌లో, అంటే కంట్రోలర్ మాటను తిరిగి చెప్పేటప్పుడు, "992 హెక్టోపాస్కల్స్" అని యూనిట్‌తో కలిపి పలకండి, తప్పు అక్కడే బయటపడుతుంది.

విమానం ఎక్కుతోంది, ముల్లు కదలట్లేదు

ఎక్కే వేగం చూపించే వీఎస్ఐ సున్నా దగ్గరే ఉండి, పైకి వెళ్లేకొద్దీ ఎయిర్‌స్పీడ్ కూడా తగ్గుతున్నట్టు కనిపిస్తే స్టాటిక్ పోర్ట్, అంటే పీడనం లోపలికి వచ్చే ఆ రంధ్రం, మూసుకుపోయినట్టే. నీళ్లు, మంచు, పురుగులు పెట్టిన మట్టి, కడిగినప్పుడు అంటించిన టేపు, వీటిలో ఏదైనా కావచ్చు. 1996 అక్టోబర్ 2న పెరూలోని లిమా నుంచి బయల్దేరిన బోయింగ్ 757కి జరిగింది ఇదే. శుభ్రం చేసేటప్పుడు రంధ్రాల మీద అంటించిన టేపు తీయలేదు. రాత్రి పూట, సముద్రం మీద, ఎత్తూ వేగమూ రెండూ నమ్మలేని స్థితిలో 70 మంది చనిపోయారు.

గాల్లో ఉండగా అయితే ముక్కు తీరు, ఇంజిన్ పవర్ మామూలుగా ఎంత ఉండాలో అంతే ఉంచి, ఆల్టర్నేట్ స్టాటిక్ తెరవండి. అప్పుడు పీడనం క్యాబిన్ నుంచి వస్తుంది. అది బయటకన్నా కాస్త తక్కువ కాబట్టి ఆల్టీమీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, గుర్తుంచుకోండి. ఏటీసీ, అంటే నేల మీది కంట్రోలర్లు, చెప్పే ఎత్తు మీద మాత్రం ఆధారపడవద్దు. విమానం ఎత్తును వాళ్లకు పంపే ట్రాన్స్‌పాండర్ వాడేది కూడా సాధారణంగా అదే రంధ్రం నుంచి వచ్చిన పీడనమే. లిమాలో కంట్రోలర్ చెప్పిన ఎత్తు కూడా అందుకే తప్పయింది.

నేల మీద చేయాల్సింది ఒకటే. వంగి, ఆ రంధ్రాన్ని కళ్లతో చూడండి. సెస్నా 172లో అది ఎడమవైపు, ముందుభాగంలో, చిన్న చుక్కలా ఉంటుంది. దూరం నుంచి తల ఊపి వెళ్లిపోతే అందులో మట్టి ఉందో లేదో తెలియదు.

ఏటీసీ ఎత్తు సరిచూసుకోమంటోంది

రంధ్రం బాగానే ఉంటే ఇది ఎక్కువగా నాబ్ మర్చిపోవడమే. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (క్యూఎన్‌హెచ్ వదిలి అందరూ 1013కి మారే ఎత్తు) దాటాక 1013 పెట్టుకోలేదు, లేదా దిగేటప్పుడు మళ్లీ క్యూఎన్‌హెచ్‌కి రాలేదు. ట్రాన్స్‌పాండర్ మీ నాబ్‌ని పట్టించుకోకుండా ఎప్పుడూ 1013 లెక్కనే పంపుతుంది. కాబట్టి ముందు కిటికీలో అంకె చూడండి.

బాగా చలి ఉన్న చోట

చల్లగాలి కుదించుకుపోతుంది, విమానం ముల్లు చెప్పినదానికన్నా కింద ఉంటుంది. నేల మీద మైనస్ 20 డిగ్రీలున్న రోజు, ఎయిర్‌పోర్ట్‌కి 1,000 అడుగుల పైన ఎగరాలంటే 140 అడుగులు కలుపుకోవాలి. కెనడాకి, అమెరికా ఉత్తర ప్రాంతాలకి వెళ్లే పిల్లలు, ఎంత చలికి ఎంత కలపాలో చెప్పే టేబుల్ దగ్గర పెట్టుకోండి.

ఏ లక్షణమూ లేదు

నాకు అన్నిటికన్నా భయం ఇదే. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో వర్షంలో దిగుతున్న ఎయిర్‌బస్ ఏ320కి కంట్రోలర్ క్యూఎన్‌హెచ్ 1001కి బదులు 1011 అని చెప్పారు. పైలట్లు ఇద్దరూ అదే పెట్టుకున్నారు. రెండు ఆల్టీమీటర్లూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. దిగే దారిని కంప్యూటర్ లెక్కగట్టిందీ ఆ పీడనం నుంచే కాబట్టి, దూరానికి తగ్గ ఎత్తు సరిచూసినా సరిపోయింది. నిజంగా విమానం దాదాపు 280 అడుగులు కింద ఉంది. రన్‌వే కనిపించక గో అరౌండ్ చేసినప్పుడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచినప్పుడు, రేడియో తరంగాలతో నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టీమీటర్ నమోదు చేసిన అతి తక్కువ ఎత్తు 6 అడుగులు. అది కూడా రన్‌వే ఇంకా దాదాపు మైలు దూరంలో ఉండగా.

మన బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన రోజు ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్స్. అక్కడ 1013 పెట్టుకున్న ఆల్టీమీటర్ సుమారు 1,750 అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే యారాడ కొండ ఎత్తుకన్నా పెద్ద తప్పు. ఆ గాలుల్లో ఎవరూ దిగరు. కానీ తుపాను ఇంకా దూరంగా ఉన్న రోజుల్లోనూ పీడనం గంటగంటకూ జారుతుంటుంది, రెండు గంటల కిందటి అంకె పనికిరాదు.

దీనికి మందు రెండో ఆధారం. ఏటిస్‌లో (ఎయిర్‌పోర్ట్ వాతావరణ వివరాలు రికార్డు చేసి వినిపించే రేడియో ప్రసారం) విన్న క్యూఎన్‌హెచ్‌ని మోకాలి మీది ప్యాడ్‌లో రాయండి. అప్రోచ్ కంట్రోలర్ చెప్పింది దాని పక్కనే రాయండి. రెండిటికీ ఒకటికి మించి తేడా ఉంటే "కన్ఫర్మ్ క్యూఎన్‌హెచ్" అని అడగండి. మొహమాటం వద్దు. బదులు వచ్చేదాకా ఉన్న ఎత్తు నుంచి కిందకి దిగకండి.